పాల రిజిస్టరు, పదకొండో కిలోమీటరు రాయి

నేను మా ఊళ్ళో పాల సేకరణ కేంద్రం నడుపుతాను. సాగర్ కుడికాలువ కింది ఊరు మాది. ఊరికీ పొలాలకీ మధ్యగా రాష్ట్ర రహదారి పోతుంది. చాలామందికి గేదెల కొట్టాలు రోడ్డు అవతల, చేల దగ్గరే ఉంటాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు రోడ్డు దాటి వెళ్ళి, పాలు పితికి, ఐదున్నర లోపు క్యానుతో మళ్ళీ రోడ్డు దాటి రావాలి. సాయంత్రం కూడా అంతే. రోజుకు నాలుగుసార్లు మేం దాటే ఆ చోట రోడ్డు కాలువ కల్వర్టు దిగగానే ఎడమకు తిరుగుతుంది. మలుపు లోపలి వైపు సర్కారు తుమ్మ మనిషెత్తున ఉండేది. వచ్చే బండి మనకు కనబడదు, మనం బండికి కనబడం. ఒక్క దీపం కూడా లేదు.

2022 కార్తీకంలో ఒక ఉదయం నా రిజిస్టరులో 47వ సంఖ్య ఎదుట గడులు ఖాళీగా ఉండిపోయాయి. అది మా వీధి చివరింటి పెద్దమ్మ సంఖ్య. జ్వరమొచ్చినా కోడలి చేతికిచ్చి పాలు పంపే మనిషి. ఐదున్నర దాటింది, ఆరైంది. మలుపు వైపు నుంచి ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పారు. టిప్పరు గుద్ది ఆగకుండా పోయిందట. నేను వెళ్ళేసరికి క్యాను రోడ్డు అంచున బోర్లా పడి ఉంది. పాలు తారు మీదుగా పారి కంకరలోకి ఇంకుతున్నాయి. 108 వచ్చింది. ఆసుపత్రికి చేరకముందే ఆమె పోయింది.

ఆ ఏడాది దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్రం లెక్క చెప్పింది. అందులో పెద్దమ్మ ఒకరు. కానీ ఆమె ఎక్కడ పోయిందో, ఏ మలుపులో పోయిందో ప్రభుత్వం కాగితాల్లో సరిగ్గా లేదని నాకు తెలియడానికి ఏడు నెలలు పట్టింది.

పెద్దకర్మ అయిన మరునాడే కుర్రాళ్ళు ట్రాక్టరుతో మట్టి, కంకర తెచ్చి మలుపుకు ముందు అడ్డంగా గట్టు పోశారు. నేనూ వద్దనలేదు. వద్దనాలన్న ఆలోచనే రాలేదు. పది రోజులు తిరగలేదు. రాత్రి తొమ్మిదింటప్పుడు పక్క ఊరి పిల్లవాడు మోటారు సైకిలు మీద వస్తూ ఆ గట్టు చూసుకోక ఎగిరి పడ్డాడు. కాలర్ ఎముక విరిగింది. పదిహేడేళ్ళు కూడా నిండలేదు వాడికి. వాళ్ళమ్మ మా కేంద్రం ముందు నిలబడి, "మీ ఊళ్ళో మనిషి పోయిందని మా పిల్లాణ్ణి పడేస్తారా?" అని అడిగింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే గట్టు తీసేశాం. ఆ తర్వాత ఏ పని చేసినా కాగితం ద్వారానే చేయించాలని నిశ్చయించుకున్నాను.

మొదట పంచాయతీకి వెళ్ళాను. దీపాలు కావాలని అడిగితే కార్యదర్శి, "ఆ మలుపు ఊరి ఆవాసంలోకి రాదమ్మా, రోడ్లు భవనాల శాఖ మార్జిన్‌లో ఉంది" అన్నారు. రోడ్లు భవనాల శాఖ కార్యాలయంలో, వీధి దీపాలు పంచాయతీవే అన్నారు. కల్వర్టుకు పిట్టగోడ విరిగి ఉంది, దాని సంగతేమిటని అడిగితే అది జలవనరుల శాఖది అన్నారు. నూరడుగుల చోటులో మూడు శాఖలు ఉన్నాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అందరూ నియమం ప్రకారమే చెప్పారు. కానీ అందరి మాటా విన్నాక ఆ మలుపు ఎవరిదీ కాకుండా పోయింది.

2023 జనవరిలో ఒక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. అప్పుడు ఆ కార్యక్రమాన్ని స్పందన అనేవారు. తర్వాత పేర్లు మారాయి, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. సోమవారం మాత్రం మారలేదు, రసీదు మీద అర్జీ సంఖ్య ఇచ్చే పద్ధతీ మారలేదు. ఆ రసీదు ఎంత ముఖ్యమో అప్పుడు నాకు తెలియదు. జాకెట్టు ముక్కల సంచిలో పెట్టి మరిచిపోయాను. మూడు వారాలకు ఫోనుకు సందేశం వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. మలుపు దగ్గరికి వెళ్ళి చూశాను. ఏమీ మారలేదు. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ చేత జవాబు తీయించి చదివించుకున్నాను. రెండే వాక్యాలు: సదరు ప్రదేశం బ్లాక్ స్పాట్ జాబితాలో లేదు. స్పీడ్ బ్రేకర్ ఏర్పాటుకు అవకాశం లేదు.

బ్లాక్ స్పాట్ అంటే ఏమిటో అడిగి తెలుసుకున్నాను. మా సభ్యుల్లో ఒకరి అబ్బాయి పట్నంలో న్యాయవాది, ఆయనే విడమరిచి చెప్పాడు. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఇచ్చిన కొలత ఇది. సుమారు 500 మీటర్ల రోడ్డు ముక్కలో గడిచిన మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో చావు గానీ తీవ్ర గాయం గానీ ఉన్న ప్రమాదాలు ఐదు జరిగి ఉండాలి, లేదా పదిమంది చనిపోయి ఉండాలి. జాతీయ రహదారుల కోసం చేసిన కొలతే అయినా మా జిల్లాలో రాష్ట్ర రహదారులకూ దానితోనే చూస్తున్నారు. ఐదుగురి ఒళ్ళు విరిగేదాకా ఆగి చూసే ఆ కొలత నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అయినా కొలత అదే కాబట్టి దానితోనే వెళ్ళాలి. మా మలుపులో ఐదు దాటాయని ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. మరి జాబితాలో ఎందుకు లేదు?

ఆ ప్రశ్నతోనే సమాచార హక్కు చట్టం దరఖాస్తు మొదలైంది. 2005 నాటి చట్టం, గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి పోలీసు సబ్ డివిజన్ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. 2020, 2021, 2022 సంవత్సరాల్లో మా రహదారి మీద జరిగిన ప్రమాదాల ఎఫ్‌ఐఆర్ నకళ్ళు కావాలని రాశాను. అది నా పొరపాటు. దర్యాప్తులో ఉన్నవి ఇవ్వలేమని, వ్యక్తిగత సమాచారం ఉందని తిరస్కరించారు. న్యాయవాది చూసి, "పేర్లతో నీకేం పని అక్కా? తేదీ, సమయం, స్థలం, సెక్షన్లు, ఎంతమంది చనిపోయారు, ఎంతమందికి తీవ్ర గాయాలు, ఇంతే పట్టికలా అడుగు" అన్నాడు. ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేశాం, అదే కార్యాలయంలోని పై అధికారికి. అప్పీలుకు రుసుము అడగలేదు. పేర్లు వద్దు అని స్పష్టంగా రాశాం. 2023 జూన్‌లో జవాబు వచ్చింది. పేజీకి రెండు రూపాయల చొప్పున తొమ్మిది పేజీలకు పద్దెనిమిది రూపాయలు కట్టి తెచ్చుకున్నాను.

ఆ తొమ్మిది పేజీలు కేంద్రం బల్ల మీద పరిచి పెట్టుకున్న సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మా మండలం పరిధిలో ఆ రోడ్డు మీద మూడేళ్ళలో 19 ప్రమాదాలు. మా మలుపు అని చెప్పదగినవి రెండే రెండు. పెద్దమ్మది కూడా అందులో లేదు! ఇంకా కిందకు చదివితే కనబడింది. ఆ తేదీ, ఆ సమయం, 304ఏ సెక్షన్ (నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం), గుర్తు తెలియని వాహనం. స్థలం దగ్గర "పెట్రోలు బంకు సమీపాన, స్టేషనుకు తూర్పుగా 9 కి.మీ." అని ఉంది. పెట్రోలు బంకు మలుపుకు కిలోమీటరున్నర ముందే వస్తుంది.

అప్పుడు అర్థమైంది. ఎఫ్‌ఐఆర్ ఫారంలో స్టేషను నుంచి ఎటు దిక్కు, ఎంత దూరం అని ఒక గడి ఉంటుంది. ఆ గడిని అంచనాతో నింపుతారు. ఒకచోట "ఊరి శివారున, 10 కి.మీ.", ఒకచోట "కాలువ దగ్గర, 9 కి.మీ.", ఇంకోచోట "మిరప కల్లాల వద్ద, 8 కి.మీ.". ఊళ్ళో వాళ్ళు ఎలా చెబితే అలా రాసుకున్నారు. తొమ్మిది, పది, ఎనిమిది అని పడేసరికి ఒకే మలుపు నాలుగు చోట్లుగా చీలిపోయింది. ఏ చోటా ఐదుకు చేరలేదు. చేరదు కూడా.

నాకు అప్పుడు పాత రిజిస్టర్లు గుర్తొచ్చాయి. పాల వ్యాను ఉదయం ఆరుంబావుకు రావాలి. ఆలస్యమైతే పాలు పులుస్తాయి, డెయిరీ వాళ్ళు కోత వేస్తారు. కోత మా మీద పడకూడదని ఆలస్యానికి కారణం ఆ రోజు పేజీ అడుగున రాయడం మా అలవాటు. మూడేళ్ళ రిజిస్టర్లు అటక మీద నుంచి దించాను. 2020 నాటి దాన్ని చెదలు కొంచెం తిన్నాయి, అంకెలు మాత్రం మిగిలాయి. 2021 మాఘమాసంలో ఒక పేజీ అడుగున నా చేతిరాతే: "వ్యాను 7.20. మలుపులో లారీ అడ్డం పడింది. ఇద్దరు." ఆ తేదీ పోలీసుల పట్టికలో ఉంది, స్థలం మాత్రం మిరప కల్లాలు. ఇంకో పేజీలో ఒక సభ్యుని సంఖ్య ఎదుట వరసగా ఇరవై ఆరు రోజులు ఖాళీ, పక్కన "కాలు" అని చిన్న అక్షరాలు. అదీ పట్టికలో ఉంది, ఊరి శివారు అని. ఒక్కొక్క తేదీ కలుపుకుంటూ పోతే పట్టికలోని 19లో ఆరు మా మలుపువేనని తేలింది. ముగ్గురు చావు, నలుగురికి తీవ్ర గాయాలు. ఇవికాక పోలీసు కాగితానికే ఎక్కనివి, రెండు పక్షాలూ మాట్లాడుకుని పోయినవి ఇంకో నాలుగు. పోయినవాళ్ళ తేదీలు పాల లెక్కల్లో వెతుక్కోవలసి వచ్చిందే అని ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

స్థలం రుజువు చేయాలంటే కొలవాలి. ఆదివారం ఉదయం మా అబ్బాయి, ఇద్దరు సభ్యులు, నేను కలిసి టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళాం. పదకొండో కిలోమీటరు రాయి తుమ్మలో మునిగిపోయి ఉంది. కొడవలితో కొట్టి బయటికి తీశాం. సున్నం రాలిపోయి అంకె వేలితో తడిమితేనే తెలుస్తోంది. అక్కడి నుంచి కల్వర్టు 140 మీటర్లు, మలుపు నడుమ 210, మేం దాటే చోటు 260. ఆరు ప్రమాదాలూ రాయికి 120, 330 మీటర్ల మధ్యవే. ఐదు వందల మీటర్లు అక్కర్లేదు, సగంలోనే సరిపోయాయి. ప్రతి చోటా టేపు కనబడేలా ఫోటోలు తీశాం.

ఈలోగా రోడ్లు భవనాల శాఖకు పెట్టిన సమాచార దరఖాస్తుకూ జవాబు వచ్చింది. మొదట అది వేరే సెక్షను పరిధి అని తిప్పి పంపబోయారు. చట్టంలో 6(3) ప్రకారం తమది కాకపోతే ఐదు రోజుల్లో వాళ్ళే సంబంధిత కార్యాలయానికి పంపాలి, దరఖాస్తుదారుకి తిరిగి ఇచ్చేయకూడదు. ఆ మాట ఒక్కటి రాసి చూపిస్తే తీసుకున్నారు. వచ్చిన కొలతల పుస్తకం నకలులో ఆ ఏడాది మార్చిలో మా ముక్కలో రెండు వైపులా జంగిల్ క్లియరెన్స్, అంటే తుమ్మ, పొదలు కొట్టించే పని, చేసినట్టు, బిల్లు చెల్లించినట్టు ఉంది. నేను ఫోటోలు తీసింది జూలైలో. ఆ కాగితం పట్టుకుని కోపంగానే ఆ శాఖ అసిస్టెంట్ ఇంజినీరు, ఏఈ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన దాచలేదు. "వేసవిలో కొట్టించామమ్మా, ఒక్క వాన పడితే నెల రోజుల్లో భుజం ఎత్తు లేస్తుంది. ఏడాదికి ఒకసారికే డబ్బిస్తారు. నా కింద ఇలాంటి రోడ్లు చాలా ఉన్నాయి" అన్నారు. కొట్టించలేదని నేను రుజువు చేయలేను. సర్కారు తుమ్మ సంగతి రైతుగా నాకూ తెలుసు. కానీ వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొట్టించాలని ఆయన పైకి రాశారా అంటే రాయలేదు. తప్పు నాకు అక్కడ కనిపించింది. కింది అధికారి తన కష్టం నాకు చెబుతారు, పైకి చెప్పరు.

స్పీడ్ బ్రేకర్ ఎందుకు కుదరదో కూడా ఆయనే చెప్పారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా. లారీలు జోరుగా వచ్చే రహదారి మీద, అదీ కల్వర్టు దిగే చోట అది పెడితే వెనకబండి ముందుబండిని గుద్దుతుంది. కావలసింది రంబుల్ స్ట్రిప్స్ (చక్రాలు అదిరి డ్రైవరు వేగం తగ్గించేలా రోడ్డుకు అడ్డంగా వేసే సన్నని పట్టీలు), హెచ్చరిక బోర్డులు, మలుపు వెంట బాణం గుర్తులు, దీపం, చూపుకు అడ్డం లేకపోవడం. పిల్లవాడి కాలర్ ఎముక తలుచుకుంటే ఆ మాట వెంటనే ఎక్కింది. అర్జీలో స్పీడ్ బ్రేకర్ అన్న మాట కొట్టేశాను.

2023 ఆగస్టులో మళ్ళీ సోమవారం వరసలో నిలబడ్డాను. ఈసారి పాత అర్జీ సంఖ్య వేసి, పరిష్కారం కాకుండానే మూసేశారని రాశాను. పోలీసుల పట్టిక, పాల రిజిస్టరు పేజీల నకళ్ళు, కొలతల పటం, ఫోటోలు ఒక ఫైలుగా కుట్టి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టమని కోరాను. ఇలాంటి కమిటీ ప్రతి జిల్లాలో ఉండాలని 2017లోనే సుప్రీం కోర్టు ఆదేశించింది. కలెక్టరు దానికి అధ్యక్షులు. అది ఉందన్న సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. చివర ఒక పేరా న్యాయవాది రాయించాడు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఏ సెక్షన్ గురించి. రోడ్డు నమూనా, నిర్మాణం, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక మనిషి పోయినా, వికలాంగుడైనా ఆ బాధ్యత గల అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ లక్ష కూడా చనిపోయినవాళ్ళ ఇంటికి రాదు, ప్రమాద నిధికి జమ అవుతుంది. పెద్దమ్మ ప్రాణానికి అది ఒక లెక్కే కాదు. అయినా ఆ పేరా చదివాక అవతలి బల్ల మీది అధికారి కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఎనిమిది నెలలుగా తిరుగుతుంటే అదే మొదటిసారి.

అక్టోబరులో సంయుక్త పరిశీలన జరిగింది. రవాణా శాఖ నుంచి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్, ఎస్సై, ఏఈ, పంచాయతీ కార్యదర్శి వచ్చారు. పగలు వస్తామన్నారు. నేను ఫోను చేసి, సాయంత్రం పాలు తెచ్చే వేళకు రండి, లేకపోతే మీకు కనబడదు అని బతిమాలాను. ఆరున్నరకు వచ్చారు. ఇన్‌స్పెక్టర్ గారు నా చేతిలోని క్యాను తీసుకుని తామే రోడ్డు దాటారు. సగంలో ఉండగా కల్వర్టు మీద లారీ దీపాలు వెలిగాయి. గబగబా వెనక్కి వచ్చేశారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత కొలతలు చకచకా రాసుకున్నారు.

ఎస్సై గారితో స్థలం సంగతి మాట్లాడాను. ఇప్పుడు ఐరాడ్ అనే యాప్‌లో ప్రమాద స్థలం అక్షాంశ రేఖాంశాలతో సహా ఎక్కించాలని, అయితే కొన్నిసార్లు సిబ్బంది స్టేషనుకు తిరిగొచ్చాక ఎక్కిస్తున్నారని ఆయన ఒప్పుకున్నారు. అలా ఎక్కిస్తే ప్రమాదం స్టేషను దగ్గర జరిగినట్టు చూపిస్తుంది. ఇకనుంచి రాయి సంఖ్య, మీటర్లు కూడా రాయిస్తామన్నారు. కొత్త పెయింటు వేసిన పదకొండో రాయి ఇప్పుడు దూరం నుంచే కనబడుతుంది.

2024 సంక్రాంతి లోపు మలుపుకు రెండు వైపులా రంబుల్ స్ట్రిప్స్ వేశారు, బోర్డులు, బాణాలు, ఒక సోలార్ బ్లింకర్ పెట్టారు. తుమ్మ వేళ్ళతో సహా యంత్రంతో తీయించారు. దీపాల కోసం గ్రామసభలో తీర్మానం చేసి 15వ ఆర్థిక సంఘం నిధులతో నాలుగు స్తంభాలు వేయించారు సర్పంచి. ఆ సభకు మా పాడి మహిళలు అరవై మంది దాకా వచ్చారు. కరెంటు బిల్లు పంచాయతీయే కడుతుంది. ఆరు నెలలకే రెండు దీపాలు ఆరిపోతే ఎనర్జీ అసిస్టెంట్ వెంటపడి మార్పించాం. ఆ తర్వాత మలుపులో రెండు ప్రమాదాలు జరిగాయి, ఇద్దరూ చిన్న గాయాలతో బయటపడ్డారు.

పెద్దమ్మ ఇంటికి రావలసిన డబ్బు గురించి కూడా ఒక మాట. గుద్ది పారిపోయిన బండి దొరకకపోయినా, 2022 ఏప్రిల్ 1 నుంచి జరిగిన ప్రమాదాలకు మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు పరిహారం వస్తుంది. బండి నంబరు దొరకలేదు కాబట్టి ఏమీ రాదని ఎవరో చెప్పి ఆ కోడలు ఊరుకుంది. ఆర్డీవో కార్యాలయంలో దరఖాస్తు పెట్టించాం. ఆలస్యంగానైనా వచ్చింది.

కల్వర్టు పిట్టగోడ మాత్రం ఇంకా విరిగే ఉంది. పోయిన వానాకాలం ఒక దూడ కాలువలో పడింది. జలవనరుల శాఖకు ఇచ్చిన రెండో అర్జీ కూడా పరిష్కరించబడింది అని సందేశం వచ్చింది. రసీదు ఈసారి రిజిస్టరు అట్ట లోపల అంటించి ఉంది. వచ్చే సోమవారం ఫైలు తీసుకుని మళ్ళీ వెళుతున్నాను. పెద్దమ్మ కోడలు కూడా వస్తానంది. 47వ సంఖ్య ఇప్పుడు ఆమెదే.